విశ్రాంతి గదికి కిటికీ లేదు

నేను స్టాఫ్ నర్సుని. కోస్తాలో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో పని చేస్తున్నాను. 2020 ఆగస్టులో నాకు కోవిడ్ వచ్చింది. ఊపిరితిత్తుల దాకా వెళ్లింది, ఆక్సిజన్ పెట్టారు, బయటపడ్డాను. మరుసటి ఏడాది రెండో వేవ్ తర్వాత ఇంకో జబ్బు పట్టుకుంది. అది సీటీ స్కాన్‌లో కనపడేది కాదు. దాని నుంచి కోలుకోవడానికి మొదటిదానికంటే చాలా ఎక్కువ కాలం పట్టింది.

ఈ రెండింటి గురించీ రాయాలని ఎప్పటినుంచో ఉంది. కోవిడ్ కాలంలో మా మీద వచ్చిన రాతల్లో మా సేవ గురించి, త్యాగం గురించి చాలా ఉంది. మేం ఎక్కడ జబ్బు పడ్డాం, ఏం ఏర్పాటు ఉంటే పడకపోయేవాళ్లం అన్నది మాత్రం చాలా తక్కువ. నాకు తెలిసింది అదే కాబట్టి అదే రాస్తున్నాను.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ రోజు సాయంత్రం 5 గంటలకు మా వీధంతా బయటికి వచ్చి చప్పట్లు కొట్టింది. మా అత్తయ్య గరిటె పట్టుకుని పళ్లెం మోగించారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ తర్వాత కొద్దిరోజులకే మా వార్డులో జూనియర్ సిస్టర్ ఒకమ్మాయిని ఇంటి ఓనర్ గది ఖాళీ చేయమన్నాడు. దేశమంతా అలాగే ఉంది. ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్లు ఇదే విషయం మీద హోంమంత్రికి లేఖ రాయాల్సి వచ్చింది. ఏప్రిల్ 1న సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో పేషెంట్ చనిపోతే బంధువులు డాక్టర్ మీద దాడి చేశారు. ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆరోగ్య సిబ్బంది మీద చేయి చేసుకుంటే 3 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, తీవ్రంగా గాయపరిస్తే 7 ఏళ్ల దాకా. ఆ చట్టం అవసరమే, వచ్చినందుకు సంతోషించాం. కానీ మా రోజులో ఎక్కువ భాగం గడిచేది వార్డులో, ఒళ్లంతా కప్పే పీపీఈ సూట్ లోపల. అక్కడ మమ్మల్ని కాపాడాల్సినవి చాలా చిన్న విషయాలు.

ఆ సూట్ గురించి చెప్పాలి. టీవీలో చూసినవాళ్లకు అదో కవచంలా కనిపించి ఉంటుంది. కోస్తా ఉక్కపోతలో, ఏసీలు ఆపేసిన వార్డులో, ఆరు గంటలు అందులో ఉంటే గ్లోవ్స్‌లో చెమట నీళ్లలా నిలుస్తుంది. గాగుల్స్ మసకబారతాయి. రెండు జతల గ్లోవ్స్‌తో, కనపడని కళ్లతో, చేతి స్పర్శ మీదే ఆధారపడి నరం వెతికి క్యాన్యులా పెట్టేవాళ్లం. మధ్యలో బాత్రూంకి వెళ్లాలంటే సూట్ విప్పాలి, విప్పితే కిట్ పారేయాలి, కిట్లు తక్కువ. అందుకని డ్యూటీకి రెండు గంటల ముందునుంచే నీళ్లు తాగడం మానేసేవాళ్లం. మాలో చాలామందికి యూరిన్ ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి. నెలసరి రోజుల్లో అయితే పడ్డ అవస్థ ఆడవాళ్లకే తెలుసు. పెద్ద సైజు డైపర్లు వేసుకుని డ్యూటీ చేసినవాళ్లు మా వార్డులోనే ఉన్నారు. ఆ సూట్ల కొలతలు కూడా పొడుగు మగవాళ్లకు సరిపోయేలా ఉండేవి. పొట్టిగా ఉన్న అమ్మాయిలు పాదాల దగ్గర టేపు చుట్టుకుని నడిచేవారు.

వేసుకోవడం కన్నా విప్పడం ప్రమాదం. దాన్ని మేం డాఫింగ్ అంటాం. బయటి గ్లోవ్స్ తీయాలి, చేతులకు శానిటైజర్ రాసుకోవాలి, సూట్‌ని లోపలివైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ దించాలి, మళ్లీ శానిటైజర్, తర్వాత గాగుల్స్, మళ్లీ శానిటైజర్. ఎన్95 మాస్కు అన్నిటికంటే చివర, ఆ గది దాటి బయటికి వచ్చాక. ఒంట్లో ఓపిక ఒక్క చుక్క కూడా మిగలని సమయంలో చేయాల్సిన పని ఇది. అందుకే ఎదురుగా ఒక మనిషి నిలబడి ఒక్కొక్కటీ చెబుతూ చూడాలని శిక్షణలో చెప్పారు. మొదటి నెలల్లో అలా ఒకరు ఉండేవారు. కేసులు పెరిగాక మనుషులు చాలక ఆ ఒక్కరినీ వార్డులోకి పంపేశారు. గోడ మీద బొమ్మల చార్ట్ మిగిలింది.

మొదట్లో కోవిడ్ డ్యూటీ తర్వాత క్వారంటైన్ ఇచ్చేవారు. మే 15న కేంద్ర ఆరోగ్య శాఖ, రక్షణ దుస్తులు సరిగా వేసుకున్న సిబ్బందికి మామూలుగా క్వారంటైన్ అక్కర్లేదని సూచనలు ఇచ్చింది. దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. అక్కడ వాదనలు నడుస్తున్నప్పుడే మేం డ్యూటీ దిగి నేరుగా ఇంటికి, పిల్లల దగ్గరికి వెళుతున్నాం. నేను పెరట్లో స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో వేసి, మేడ మీద గదిలో ఒక్కదాన్నే పడుకునేదాన్ని. మా పాప మెట్ల కింద నిలబడి అక్కడినుంచే స్కూల్ ఆన్‌లైన్ క్లాసుల కబుర్లు అరిచి చెప్పేది.

ఆగస్టు నాటికి రాష్ట్రంలో రోజుకు 10,000 కేసులు దాటుతున్నాయి. మా ఆసుపత్రిలో ఒకే వారంలో నాతో పాటు పలువురు సిస్టర్లకు, ఒక ల్యాబ్ టెక్నీషియన్‌కు పాజిటివ్ వచ్చింది. అందరం వార్డులో అంటుకుందనే అనుకున్నాం. కూర్చుని లెక్క చూస్తే వేరే సంగతి బయటపడింది. మాలో కొందరు ఆ రోజుల్లో కోవిడ్ వార్డులోకే వెళ్లలేదు. మేం అందరం కలిసిన చోటు ఒకటే, సిస్టర్ల విశ్రాంతి గది. స్టోర్ రూములో సగం గోడ కట్టి ఇచ్చిన గది అది. కిటికీ లేదు. స్ప్లిట్ ఏసీ ఉంది, అది లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. డ్యూటీ దిగినవాళ్లం, ఎక్కబోయేవాళ్లం అందులోనే మాస్కులు తీసి టిఫిన్ బాక్సులు తెరిచేవాళ్లం. వేరే చోటు లేదు.

అప్పట్లో ఎక్కడ చూసినా దగ్గు తుంపరల గురించి, చేతులు కడుక్కోవడం గురించే చెప్పేవారు. ఈ వైరస్ మూసిన గదుల్లో గాలిలో తేలుతూ ఉండిపోతుందన్న మాట ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా రాసింది 2021లో. అయితే టీబీ వార్డుల్లో పని చేసిన నర్సులకు ఇది కొత్త కాదు. తలుపులు, కిటికీలు బార్లా తీసి పెట్టడం మాకు ట్రైనింగ్‌లోనే నేర్పారు. పేషెంట్లకు పాటించిన ఆ నియమం మా గదికి వర్తింపజేయాలని ఎవరికీ తోచలేదు. ఆసుపత్రి కట్టేటప్పుడు పేషెంట్ల మంచాలు లెక్కేస్తారు. నర్సులు ఎక్కడ తింటారు, ఎక్కడ కాసేపు నడుం వాలుస్తారు అన్నది చివర మిగిలిన మూలకు వదిలేస్తారు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ముందు ఒళ్లునొప్పులు వచ్చాయి. డ్యూటీ బడలిక అనుకోవడానికి వీల్లేనంత. మర్నాడు పప్పుచారులో ఇంగువ వేస్తే వాసన రాలేదు. డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ తెలియలేదు. స్టవ్ ఆపేసి, కింద ఉన్న మా ఆయనకు పైకి రావొద్దని ఫోన్‌లోనే చెప్పాను. జ్వరం తగ్గుతూ పెరుగుతూ నాలుగైదు రోజులు నడిచింది. వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుని మేడ మీద అటూ ఇటూ ఆరు నిమిషాలు నడిచేదాన్ని. కూర్చుంటే 95 ఉండేది. ఒక సాయంత్రం నడిచాక 90కి పడింది. ఆ అంకె అర్థం నాకు బాగా తెలుసు. బ్యాగ్ సర్దుకున్నాను.

నేను డ్యూటీ చేసిన వార్డులోనే మంచం దొరికింది. రోజూ నేను వెళ్లి నిలబడే వైపు నుంచి కాకుండా, పడుకున్న వైపు నుంచి ఆ వార్డుని చూడడం అదే మొదలు. తెల్ల సూట్లలో అందరూ ఒకేలా ఉంటారు. వీపు మీద, ఛాతీ మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసుకుంటే తప్ప ఎవరు ఎవరో తెలియదు. మాస్కు వెనక నుంచి వినపడాలని మేం గట్టిగా మాట్లాడతాం. పడుకున్నవాళ్లకు అది కసురుతున్నట్టే వినపడుతుంది. నా స్నేహితురాలే వచ్చి "బోర్లా పడుకో!" అని అరిస్తే నా గుండె దడదడలాడింది. ఆమె ఎంత ప్రేమగా అందో నాకు తెలిసి కూడా. తర్వాత డ్యూటీకి వెళ్లినప్పటి నుంచి నేను ముందు పేషెంట్ భుజం మీద చేయి వేసి, ఆ తర్వాతే మాట్లాడుతున్నాను.

డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 6 మిల్లీగ్రాములు, రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద హెపారిన్ సూదులు, సంచి మాస్కుతో ఆక్సిజన్. ఎన్నోసార్లు నా చేత్తో ఇచ్చిన మందులే. ఛాతీ మీద ఇసుక బస్తా పెట్టినట్టు ఉండేది. పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవారు, పొగాకు రైతు. నేను నర్సునని తెలిసి "అమ్మాయ్, ఈ అంకె ఎంతుంటే మంచిది?" అని మాటిమాటికీ అడిగేవారు. చెప్పేదాన్ని. రెండో రాత్రి ఆయన మానిటర్ మోగే తీరు మారింది. ఏ మోతకు అర్థం ఏమిటో తెలియకపోతే ఎంత బాగుండేదో అనిపించింది. తెల్లారేసరికి ఆ మంచం ఖాళీ. నాకు అప్పుడు ఏడుపు రాలేదు. అది తర్వాత ఎప్పుడో వచ్చింది.

ఆ రోజుల్లో నాకు పదేపదే వచ్చిన ఆలోచన ఒకటి రాయాలి. ఆరోగ్య సిబ్బంది కోవిడ్‌తో చనిపోతే కుటుంబానికి 50 లక్షల బీమా ఇస్తామని కేంద్రం 2020 మార్చిలో ప్రకటించింది. గొప్ప నిర్ణయమే, ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. కానీ అది చావుకే వర్తించేది. బతికి, మూడు నెలలు పని చేయలేక ఇంట్లో పడి ఉంటే అందులోంచి ఏమీ వచ్చేది కాదు. నేను రెగ్యులర్ ఉద్యోగిని కాబట్టి నాకు సెలవు, జీతం ఉన్నాయి. నాతో పాటే పాజిటివ్ వచ్చిన అవుట్‌సోర్సింగ్ సిస్టర్‌కు ఆ నెల సగం జీతమే వచ్చింది. ఆ అమ్మాయి ఆయాసం పూర్తిగా తగ్గకుండానే డ్యూటీలో చేరింది. మళ్లీ జ్వరం వస్తే చెప్పేదా? చెబితే జీతం పోతుంది, చెప్పకపోతే వార్డుకు అంటుకుంటుంది. జబ్బు పడితే జీతం ఆగదన్న హామీ ఒక్కటి ఉంటే అది ఎన్95 మాస్కుతో సమానం. నా నమ్మకం అది.

ఇంటికొచ్చాక కోలుకోవడం మెల్లగా సాగింది. మేడ మెట్లు ఎక్కాలంటే మధ్యలో కూర్చోవాల్సి వచ్చేది. ఫిజియోథెరపిస్ట్ ఫోన్‌లోనే నేర్పారు, ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలడం. బాగున్న రోజు అన్ని పనులూ మీద వేసుకోవద్దని గట్టిగా చెప్పారు. నిజమే, బాగుందని ఇల్లంతా తుడిచిన మర్నాడు మంచం దిగలేకపోయేదాన్ని. దువ్వెనకు గుప్పెడు జుట్టు వచ్చేది. అవన్నీ ఓర్చుకున్నాను. భయపెట్టింది మతిమరుపు. ఏళ్ల తరబడి నోటికి వచ్చిన మందుల పేర్లు గొంతు దాకా వచ్చి ఆగిపోయేవి. డోసు లెక్క వేసి, నమ్మకం లేక మళ్లీ వేసి, పక్కవాళ్లకు చూపించేదాన్ని. నర్సుకు అంతకంటే టెన్షన్ ఇంకేముంటుంది? మా హెడ్ సిస్టర్ గారికి చెబితే ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయకుండా కొన్నాళ్లు లైట్ డ్యూటీ వేశారు. స్టోర్స్, రిజిస్టర్లు. "మందులు ఇచ్చే పని నీకు నమ్మకం కుదిరాకే, తొందరేం లేదమ్మా" అన్నారు. ఆ వెసులుబాటు రూల్ బుక్కులో లేదు, ఆమె మనసులో ఉంది. ఆమె కాకుండా ఇంకొకరు ఉంటే ఏమయ్యేదో అని ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఇలాంటివి ఒకరి మంచితనం మీద ఆధారపడకూడదు.

2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి, ముందు మాకే. చేయి చాచి సూది వేయించుకుంటుంటే చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. అంతా అయిపోయిందనుకున్నాం.

ఏప్రిల్ నుంచి జరిగింది అందరికీ తెలుసు. టీకా ఉండబట్టి నాకు మళ్లీ ఊపిరితిత్తుల దాకా రాలేదు. కానీ ఆ ఏప్రిల్, మే నెలలు నన్ను వేరే చోట దెబ్బతీశాయి. ఒక ఆక్సిజన్ మంచం ఖాళీ అయితే బయట అంబులెన్సుల్లో ఎంతోమంది. ఎవరిని లోపలికి తేవాలో డాక్టర్లు చెబుతారు, వెళ్లి మిగతావాళ్లకు "లేదు" అని చెప్పాల్సింది మేం. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది చనిపోయారన్న వార్త వచ్చిన రాత్రి, మా వార్డులో ఎవరూ కుదురుగా కూర్చోలేదు. మాటిమాటికీ వెళ్లి ప్రెషర్ గేజ్ చూసి వచ్చేవాళ్లం. చివరి నిమిషాల్లో ఉన్నవాళ్ల ముఖం దగ్గర ఫోన్ పట్టుకుని వీడియో కాల్ చేయించేవాళ్లం. అవతల పిల్లలు "నాన్నా, నాన్నా" అని పిలుస్తుంటే ఫోన్ పట్టుకున్న చేయి కదలకుండా ఉంచాలి. అది ఏ నర్సింగ్ పుస్తకంలోనూ లేదు.

ఏం చేయాలో తెలుసు, చేసే చేతులు ఉన్నాయి, కానీ వనరు లేదు. తెలిసీ చేయలేకపోవడం వల్ల తగిలే దెబ్బ అలసట లాంటిది కాదు, సెలవు పెట్టి పడుకుంటే పోదు. యుద్ధాల నుంచి వచ్చిన సైనికుల్లో డాక్టర్లు దీన్ని గమనించి రాశారట. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా నిద్ర పట్టకపోవడం. ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే మంచం మీంచి లేచి నిలబడేదాన్ని. పాప హోంవర్క్ అడిగితే అరిచేదాన్ని, దాని ముఖం చూసి బాత్రూంలోకి వెళ్లి ఏడ్చేదాన్ని. జూన్‌లో కేసులు తగ్గాయి, అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నాకు అప్పుడే ఎక్కువైంది. డ్యూటీలో ఉన్నంతసేపూ పని నిలబెట్టింది. పని తగ్గాక కాళ్ల కింద నేల లేదు.

ఆ మే నెలలోనే మా వార్డు ఆయమ్మ చనిపోయింది. ఆమె సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు. ఎఫ్‌ఎన్‌ఓ, అంటే ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ అంటారు, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. బెడ్‌పాన్లు తీసేది ఆమె, మురికి దుప్పట్లు మూటగట్టేది ఆమె, శవాన్ని చుట్టడంలో చేయి వేసేది ఆమె. పేషెంట్‌కు మా అందరికంటే దగ్గరగా ఉండేది. మాస్కులు తక్కువైన రోజుల్లో ఎన్95 ముందు డాక్టర్లకు, తర్వాత మాకు, చివర మిగిలితే ఆమెకు. నన్ను "సిస్టరమ్మా, ముందు నువ్వు తిను" అనేది. ఆమె భర్త బీమా కోసం వస్తే, కోవిడ్ డ్యూటీలో ఉన్నట్టు రుజువు కావాలన్నారు. మా డ్యూటీ చార్ట్‌లో ఆమె పేరు ఉండదు, అది ఏజెన్సీ హాజరు పుస్తకంలో ఉంటుంది. ఏజెన్సీ మారిపోయింది, పుస్తకం దొరకలేదు. హెడ్ సిస్టర్ గారూ నేనూ కలిసి పీపీఈ కిట్లు ఇచ్చిన రిజిస్టర్లు బయటికి తీశాం. కిట్ తీసుకున్న ప్రతిసారీ ఆమె పెట్టిన సంతకం ఉంది, తేదీతో సహా. వాటి నకళ్లు పెట్టాక ఫైలు కదిలింది. డబ్బు వచ్చేసరికి చాలా నెలలు పట్టింది. వార్డులో చెత్త ఊడ్చే మనిషి పేరు కూడా డ్యూటీ చార్ట్‌లో ఉండాలని అప్పటినుంచి ప్రతి మీటింగులో అడుగుతూనే ఉన్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020 జనవరి నుంచి 2021 మే దాకా ప్రపంచం మొత్తం మీద 80,000 నుంచి 1,80,000 మంది ఆరోగ్య సిబ్బంది కోవిడ్‌తో చనిపోయారు. అంచనాకు ఇంత తేడా ఎందుకుందో మా ఆయమ్మ ఫైలు పట్టుకుని తిరిగినప్పుడు నాకు అర్థమైంది. చాలామంది పేర్లు ఏ చార్ట్‌లోనూ లేవు.

ఒకరోజు నైట్ డ్యూటీలో లినెన్ గదిలో దుప్పట్ల మీద కూర్చుని లేవలేకపోయాను. హెడ్ సిస్టర్ గారు వచ్చారు. "ఏమ్మా, తిన్నావా?" అని అడిగారు. తినలేదన్నాను. తినిపించి, తెల్లారాక తనే వెంటబెట్టుకుని మా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లారు. నాకు కాళ్లు వణికాయి. నేను ఎంతోమంది పేషెంట్లను అక్కడికి పంపాను, "సిగ్గుపడాల్సిందేం లేదు" అని చెప్పాను కూడా. మనం పని చేసే చోట మన పేరు ఆ ఓపీ రిజిస్టర్‌లో ఎక్కడం వేరు. ప్రమోషన్ దగ్గర ఎవరైనా గుర్తు చేస్తారేమో, వెనకాల పిచ్చిదంటారేమో అనే భయం. ఈ భయం మన ఒక్క చోటే లేదు. న్యూయార్క్‌లో ఎమర్జెన్సీ డాక్టర్ లోర్నా బ్రీన్ 2020 ఏప్రిల్‌లో ప్రాణాలు తీసుకున్నారు. మానసిక వైద్యం తీసుకుంటే తన ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందని ఆమె భయపడిందని కుటుంబం చెప్పింది. ఆమె పేరు మీద అమెరికాలో 2022లో ఆరోగ్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం ఒక చట్టమే చేశారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు, కావాలి.

డాక్టర్ గారు నన్ను చాలాసేపు మాట్లాడనిచ్చారు. ఏ చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాను, ఎన్ని గంటలు నిద్రపోతున్నాను, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగారు. అలా అడగడం వల్ల ప్రమాదం పెరగదని నేను చదువుకున్నాను. అడిగించుకున్నప్పుడు తెలిసింది, ఎంత బరువు దిగుతుందో. డిప్రెషన్ అన్నారు, దానితో పాటు చూసినవి మనసులో గట్టిగా నాటుకుపోయాయన్నారు. మాత్ర రాశారు, రెండు మూడు వారాల దాకా గుణం తెలియదని ముందే చెప్పారు. వారానికోసారి కౌన్సెలర్ దగ్గర కూర్చోమన్నారు. అదే చీటీలో కింద ఇంకో వరుస రాశారు: "మూడు నెలలు నైట్ డ్యూటీ వద్దు." నా వైద్యంలో ఆ వరుసకు మాత్రతో సమానమైన పాత్ర ఉంది. రాత్రి నిద్ర తిరిగి వచ్చాకే మాత్ర, మాటలు పని చేయడం మొదలైంది.

అంతకు ముందు ఒకసారి మాకు ఒత్తిడి తగ్గించుకోవడం మీద క్లాసు పెట్టారు. చెప్పినావిడ మంచావిడ, చెప్పినవి మంచి మాటలు. కానీ రాత్రంతా డ్యూటీ చేసి దిగినవాళ్లను ఆపి రెండు గంటలు కూర్చోబెట్టారు. ఆ రెండు గంటలు ఇంటికి పంపి ఉంటే అదే పెద్ద సాయం. మనసును కాపాడడం అంటే ముందు డ్యూటీ చార్ట్‌ని సరిగా వేయడం. వరసగా ఎన్ని నైట్లు, మధ్యలో ఎన్ని గంటల విరామం, వచ్చే వారం డ్యూటీ ఏదో ఎన్ని రోజుల ముందు తెలుస్తుంది. పిల్లలున్న తల్లికి ఈ చివరిదాని విలువ ఎంతో చెప్పనక్కర్లేదు. దాని తర్వాతే శ్వాస మీద ధ్యాస, యోగా, మిగతావన్నీ.

కేరళ నుంచి వచ్చి మా దగ్గర పని చేసిన ఒక సిస్టర్ నిఫా వైరస్ జబ్బు గురించి చెప్పేది. 2018 మేలో పెరంబ్ర తాలూకా ఆసుపత్రిలో నర్సు లిని, పేషెంట్‌కు సేవ చేస్తూ అదే జబ్బుతో చనిపోయింది. జబ్బు పేరు తెలియకముందే ఆమెకు అంటుకుంది. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చినప్పుడు కూడా, ప్రపంచంలో జబ్బు పడ్డ ప్రతి ఐదుగురిలో ఒకరు ఆరోగ్య సిబ్బందేనట. అంటే ఇది ముందే తెలిసిన విషయం. కొత్త జబ్బు ఏది వచ్చినా, దాని పేరు పెట్టేలోపే అది నర్సుల గదిలోకి వచ్చేస్తుంది. కిట్ల నిల్వ, గాలి, మనుషుల సంఖ్య అప్పటికప్పుడు సమకూర్చుకునేవి కావు.

మా వార్డులో హెడ్ సిస్టర్ గారు కొన్ని మార్చగలిగారు. టిఫిన్ తినడం వరండాలోకి మారింది, టేబుళ్లు దూరంగా వేశారు. డ్యూటీకి ఇద్దరేసి జతగా వెళ్లాలి, ఒకరు విప్పుతుంటే ఇంకొకరు చూడాలి. పేషెంట్ పోయినప్పుడు ఆ మంచం చూసిన సిస్టర్ వెంటనే ఇంకో మంచానికి పరుగెత్తకుండా జతలో రెండోవాళ్లు ఆ పని అందుకుంటారు, ఆమె పది నిమిషాలు బయట నిలబడొచ్చు. వీటికి పెద్ద ఖర్చు ఏమీ లేదు. విశ్రాంతి గదికి కిటికీ పెట్టించడానికి మాత్రం అంచనాలు, సంతకాలు, ఇంజినీర్లు. ఫైలు ఇంకా తిరుగుతోంది.

నేను మాత్ర ఏడాది దాటి వాడాను. డాక్టర్ గారే కొద్దికొద్దిగా తగ్గించి ఆపారు. ఇప్పుడు నిద్ర పడుతోంది. మూడో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కుతాను, జలుబు చేసినప్పుడు మాత్రం ఆయాసం గుర్తు చేస్తుంది. వాసన వచ్చింది కానీ కొన్ని వాసనలు పాతవాటిలా లేవు. కుక్కర్ విజిల్‌కు ఉలికిపాటు చాలావరకు పోయింది.

కొత్త బ్యాచ్ సిస్టర్లు వచ్చినప్పుడు ఎన్95 సరిగా పట్టిందో లేదో చూసే పని నాకు అప్పగించారు. రెండు చేతులూ మాస్కు మీద ఆనించి గట్టిగా ఊపిరి వదలమంటాను. అంచుల నుంచి గాలి వస్తే సరిగా పట్టలేదన్నమాట, ముక్కు దగ్గర రేకు మళ్లీ నొక్కుకోవాలి. అది నేర్పాక, సైకియాట్రీ ఓపీ ఎన్నో నంబరు గదిలో ఉంటుందో చెబుతాను. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఫోన్లలో ఎక్కించమంటాను, అది ఎప్పుడైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఓపీలో నేను వైద్యం చేయించుకున్నానని కూడా అందరి ముందే చెబుతాను. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు తడబడింది. పోయిన నెల ఒకమ్మాయి డ్యూటీ దిగాక నా కోసం ఆగి, "అక్కా, ఆ డాక్టర్ గారు ఏ రోజు ఉంటారు?" అని అడిగింది. సోమవారం అన్నాను. సోమవారం ఇద్దరం కలిసి వెళ్లాం.